అప్‌డేట్: ఆకాశం నీలం గీతలా తెగడం ఆగింది

జపాన్ చిత్రకారుడు హిరోషిగే తరహా చెక్క అచ్చులో ఆకాశం నీలం కిందికి మెల్లగా పలచబడక మధ్యలో గీతలా తెగుతోందని అడిగాను కదా. కారణం రంగు కాదు, చెక్క పొడిగా ఉండటం.

పలచబడాల్సిన చోట ముందే తడిగుడ్డ అద్దాలి. తేమ మెరవాలి, నీళ్లు నిలవకూడదు. ప్రష్యన్ బ్లూ (ముదురు నీలం రంగు) బ్రష్‌కి ఒక కొసనే పెట్టి, ఆ కొస పైఅంచు వైపే ఉంచి అడ్డంగా లాగాలి. బ్రష్ తిరగబడిందా, ఆ కాగితం పోయినట్టే! రంగుతో కలిపే బియ్యప్పిండి జిగురు కొంచెం చాలు. బొత్తిగా లేకపోతే నువ్వులు చల్లినట్టు చుక్కలు పడతాయి.

ముదురు నీలం ఒక్క ఒత్తుకే రాబట్టాలని చూడొద్దు, రెండు మూడుసార్లు పలచగా వేయడమే నయం. ఈలోగా కాగితం ఆరితే కుంచించుకుపోతుంది. కెంటో గాడిలో (కాగితం ప్రతిసారీ ఒకేచోట కూర్చోవడానికి చెక్కలో చెక్కిన గాడి) సరిగ్గా కూర్చోబెట్టినా కొండ గీతా రంగూ కలవవు. కాగితాల దొంతరను తడి అట్టల మధ్యే ఉంచాలి.

దిగంతం దగ్గరి ఎరుపుకి వేరే చెక్క అక్కర్లేదు. ఇదే చెక్క కడిగి, కింది అంచున ఇదే పద్ధతి.