నడుం బెల్టుకి నాన్ వోవెన్ వెల్క్రో పెట్టొచ్చా?

జీడిమెట్ల_కుర్రాడు
జీడిమెట్లలో మాది చిన్న యూనిట్, ఆరు మిషన్లు. నడుం బెల్టులు, మణికట్టు బెల్టులు కుట్టి కోఠిలో సర్జికల్ షాపులకి వేస్తాం. వెల్క్రో మెత్త సైడుకి ఇన్నాళ్లూ నైలాన్ అల్లిక పట్టీయే వాడాం. మొన్న ఒక సప్లయర్ నాన్ వోవెన్ లూప్ రోల్ తెచ్చాడు, సగం రేటుకే ఇస్తానంటున్నాడు. చేత్తో అంటించి చూస్తే బాగానే పట్టింది. డైపర్లకి వాడేది కూడా ఇలాంటిదేనట. ఎవరైనా వాడారా? మారొచ్చా?

బ్యాగుల_బాబాయి
మారకు తమ్ముడూ. పాతికేళ్లుగా బేగంబజార్‌లో బ్యాగులు కుట్టిస్తున్నా. నాన్ వోవెన్ అంటే నేసిందీ కాదు, అల్లిందీ కాదు, పీచుని పరిచి వేడి రోలర్ కింద నొక్కేది. పెళ్ళిళ్లలో రిటర్న్ గిఫ్ట్ పెట్టి ఇచ్చే సంచి లేదూ, దానికి తమ్ముడు. నాలుగుసార్లు కూరగాయలు తెస్తే పిడి చేతికొస్తుంది. దాంతో నడుం కడతావా?

పీచు_ఇంజనీర్
బాబాయ్, సంచితో పోలిస్తే ఎలా? డైపర్ లైన్‌లో ఆరేళ్లు పనిచేసినవాణ్ణి కాబట్టి చెప్తున్నా. సంచి గుడ్డలో అతుకు చుక్కలు, అంటే వేడి రోలర్ కింద పీచు కరిగి అతుక్కున్న చోట్లు, దగ్గర దగ్గరగా ఉంటాయి, పీచు కదలదు. లూప్ కోసం చేసేదాంట్లో చుక్కలు ఎడంగా వేసి, మధ్యలో పీచు విల్లులా వంగి పైకి లేచేలా వదిలేస్తారు. కొక్కెం దూరేది ఆ వంపులోకే. ఇంకో సంగతి, పట్టు అనేది మెత్త సైడు ఒక్కదానిది కాదు, జోడీది. మామూలు గరుకు సైడులో మందపాటి నైలాన్ తీగని ఉచ్చులుగా నేసి ఒక పక్క కత్తిరిస్తారు, కొక్కెం పెద్దగా ఉంటుంది, సన్నపీచుని తెంపేస్తుంది. డైపర్ చెవులకి, అంటే నడుం దగ్గర అంటించే పట్టీలకి, ఉండేవి అచ్చులో పోసిన బుల్లి పుట్టగొడుగుల్లాంటివి, వేలితో రుద్దితే గరుకు కూడా సరిగా తెలియదు. కాబట్టి కుర్రాడూ, ముందు నీ గరుకు సైడు ఏదో చెప్పు.

నిజాం_కాలేజ్_95
వెల్క్రో అనేది కంపెనీ పేరు. హుక్ అండ్ లూప్ అనాలి.

కోఠి_కౌంటర్
సరే సార్, రేపటినుంచి కస్టమర్లందరికీ అలాగే నేర్పుతాం.

బ్యాగుల_బాబాయి
గరుకు సైడు సంగతి సరే, నాకేం జరిగిందో విను. రెండేళ్ల కింద 300 స్కూల్ బ్యాగుల ఆర్డర్. జూన్‌లో ఇచ్చా, దసరా సెలవులు రాకముందే గుట్టగా వాపస్. మూత తెరిస్తే మెత్త సైడు మీద పీచు లేచి ముసలాయన గడ్డంలా ఉంది, గరుకు సైడు నిండా ఆ పీచే ఇరుక్కుంది. ఇక రెండూ అంటుకోమంటే ఎక్కడ అంటుకుంటాయి? ఆ ఏడాది మా ఇంట్లో దసరా లేదు.

పీచు_ఇంజనీర్
బాధపడ్డారు, కాదనను. కానీ ఏ హుక్ వాడారు?

బ్యాగుల_బాబాయి
హుక్ హుక్ హుక్. 300 బ్యాగులు బాబూ!

ఉత్తరేణి
నా పేరు చూశారుగా, ఇది నా టాపిక్కే. వెల్క్రో కనిపెట్టిన జార్జ్ ద మెస్ట్రాల్ స్విస్ ఇంజనీరు. 1941లో వేటకెళ్లి వస్తే కుక్క బొచ్చుకి ముళ్లకాయలు పట్టుకున్నాయి, మన ఉత్తరేణి గింజలు లంగాకి పట్టినట్టు. మొదట నూలుతో చేయిస్తే త్వరగా అరిగిపోయింది, తర్వాతే నైలాన్‌కి వెళ్లాడు. 1955లో పేటెంట్ వచ్చింది. అంటే పట్టడం ఒకటి, నిలవడం ఇంకొకటి అని ఆయనకి అప్పుడే తెలిసింది.

కోఠి_కౌంటర్
నేను బెల్టులు అమ్మేవాణ్ణి. మా దగ్గర ఒక పీస్ అమ్ముడయ్యేలోపే నలుగురు వేసుకుని తీసేస్తారు. కొన్న పేషెంట్ అన్నం తిన్నాక వదులు చేస్తాడు, పడుకునేముందు తీస్తాడు, రోజుకి ఎనిమిది పదిసార్లు చరచరమనాల్సిందే. డైపర్‌ని ఎన్నిసార్లు తెరుస్తారు, రెండుసార్లా, మూడుసార్లా? తర్వాత చెత్తబుట్టే.

ఇద్దరు_పాపల_అమ్మ
మా అత్తగారి బెల్టు ఉతికి, ముడతలు పోవాలని ఇస్త్రీ పెట్టా. మెత్త సైడు కరిగి ఇస్త్రీపెట్టెకి అంటుకుంది 😭

పీచు_ఇంజనీర్
మేడమ్, అది పాలీప్రొపిలీన్ అయి ఉంటుంది, 165 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది, కాటన్ ఇస్త్రీ వేడి అంతకంటే ఎక్కువ. పాలిస్టర్‌తో చేసిన నాన్ వోవెన్ అయితే 250 దాటేదాకా కరగదు. నాన్ వోవెన్ అనేది గుడ్డ చేసే తీరు, ప్లాస్టిక్ పేరు కాదు. అందరూ ఒకే గాటన కట్టేస్తున్నారు. బాబాయ్, కోపగించుకోకండి, మీ కోపం సప్లయర్ మీద, చూపిస్తున్నది గుడ్డ మీద.

బ్యాగుల_బాబాయి
అవునయ్యా, సప్లయర్ మీదే! నైలాన్ అని చెప్పి, నైలాన్ రేటు తీసుకుని అది అంటగట్టాడు. చవకది అని చెప్పి ఉంటే చవక బ్యాగులకి వాడేవాణ్ణి. సరే ఇప్పుడు కుర్రాణ్ణి అడుగుతున్నా. పట్టీ సగం రేటుకి వస్తే నీ బెల్టు రేటు ఎంత తగ్గిస్తావ్?

(ఒక రోజు ఎవరూ రాయలేదు.)

జీడిమెట్ల_కుర్రాడు
తగ్గించను. దాచేదేముంది? ప్రతి ఏడాదీ షాపులవాళ్లు రేటు కోస్తున్నారు. మా దగ్గర ఆరుగురి జీతాలున్నాయి. ఎక్కడో ఒకచోట మిగుల్చుకోవాలి కదా.

కోఠి_కౌంటర్
అంటే మాకు చెప్పకుండా మార్చేద్దామనే కదా? నెల తర్వాత పెద్దాయన ఎవరో బెల్టు జారిపోతోందని నా కౌంటర్ ముందు తిడితే పడేది నేను. తమ్ముడూ, రేటు కోసింది మేమే, ఒప్పుకుంటా, కానీ ఇది పద్ధతి కాదు.

పీచు_ఇంజనీర్
ఈ మాట మొదటే చెప్పి ఉంటే నేను అంత రాసేవాణ్ణే కాదు. నేను గుడ్డ తరఫున వాదించాను, దొంగచాటు మార్పు తరఫున కాదు. రోజుకి పదిసార్లు తీసేదానికి అల్లిక పట్టీయే, ఉచ్చుల మొదళ్లు ఊడకుండా వెనక జిగురుపూత ఉంటుంది కాబట్టి. నాన్ వోవెన్‌లో పీచుని పట్టుకునేది ఆ అతుకు చుక్కే, తీసిన ప్రతిసారీ కొంత తెగుతుంది. ఎలాగూ రోల్ నీ దగ్గరుంది, పాత బెల్టు గరుకు ముక్కతో నువ్వే పరీక్ష పెట్టు.

జీడిమెట్ల_కుర్రాడు
పెట్టాను. రెండంగుళాల ముక్కలు అంటించి, కింద రెండు లీటర్ల నీళ్ల బాటిల్ వేలాడదీశా. మొదటిసారి అస్సలు కదల్లేదు, నాకే ఆశ్చర్యం. తర్వాత తీయడం, అంటించడం, లెక్కపెడుతూ కూర్చున్నా. ముప్పై దాటాక బాటిల్ మెల్లగా జారి నేలకొచ్చింది. ఫోన్ టార్చ్ వేసి చూస్తే గరుకు సైడులో తెల్ల నూగు. అదే గరుకు ముక్కని బ్రష్‌తో దులిపి నైలాన్ పట్టీకి అంటిస్తే, వంద అయ్యాక మా అమ్మ భోజనానికి పిలిచింది, బాటిల్ ఇంకా వేలాడుతోంది.

బ్యాగుల_బాబాయి
😌

పీచు_ఇంజనీర్
బాబాయ్, అది పెద్ద హుక్కే అని గమనించారా?

బ్యాగుల_బాబాయి
మళ్ళీ మొదలెట్టాడు.

కోఠి_కౌంటర్
ఒకసారి కట్టి పారేసే పట్టీలకి ఆ రోల్ పనికొస్తుందేమో, విడిగా చూపించు, అదేంటో చెప్పి అమ్ముతా. బెల్టు రేటు సంగతి షాపుకొస్తే మాట్లాడుకుందాం.

జీడిమెట్ల_కుర్రాడు
శనివారం వస్తా అన్నా. రోల్ వాపస్ ఇద్దామని సప్లయర్‌కి ఫోన్ చేస్తే, కత్తిరించిన రోల్ తీసుకోనంటున్నాడు.

బ్యాగుల_బాబాయి
నాకూ అదే మాట చెప్పాడు. మెడలో కళ్ళజోడు వేలాడేసుకునే మనిషేనా?