ఇంగ్లిష్ లా పరీక్ష: చట్టం తెలిసినా ప్రాబ్లమ్ క్వశ్చన్‌లో మార్కులు ఎందుకు రావడం లేదు?

శ్రావణి అడిగిన ప్రశ్న:

నమస్కారమండీ. ఇంగ్లండ్‌లో ఎల్‌ఎల్‌బీ మొదటి ఏడాది కాంట్రాక్ట్ పేపర్ గురించి అడుగుతున్నాను. ఎస్సే ప్రశ్నలతో ఇబ్బంది లేదు. ప్రాబ్లమ్ క్వశ్చన్ (ఒక కథ ఇచ్చి చట్టం ప్రకారం సలహా అడిగేది) దగ్గరకొచ్చేసరికి మార్కులు యాభై దాటవు. పేపర్ మీద ప్రతిసారీ ఒకటే మాట: “చట్టం చెప్పారు, వాస్తవాలకు వర్తింపజేయలేదు.” దీన్ని అసలు ఎలా సరిదిద్దుకోవాలి? మాటలు గాల్లో ఉండకుండా కింద ఒక ప్రశ్న పెడుతున్నాను, దీని మీదే చెప్పండి.

హెలెన్ సోమవారం ఒమర్‌కి ఉత్తరం రాసింది: “నా పాతకాలపు బల్ల మీకు 4,000 పౌండ్లకు అమ్ముతాను. శుక్రవారం సాయంత్రం 5 దాకా మీ కోసం ఉంచుతాను. ఈలోగా తెలియజేయండి.” అది మంగళవారం అందింది. ఒమర్ వెంటనే ఈమెయిల్ పెట్టాడు: “రెండు వాయిదాల్లో కడితే ఒప్పుకుంటారా?” జవాబు రాలేదు. బుధవారం ఉదయం హెలెన్ ఆఫర్ వెనక్కి తీసుకుంటున్నానని ఉత్తరం పోస్ట్ చేసింది. ఆ రాత్రి ఒమర్‌తో పక్కింటాయన “హెలెన్ ఆ బల్లని ఇంకెవరికో అమ్మేస్తోందట” అన్నాడు. గురువారం ఉదయం 10కి ఒమర్ “తీసుకుంటున్నాను” అని ఉత్తరం పోస్ట్ చేశాడు. పోస్ట్‌కోడ్‌లో ఒక అక్షరం తప్పు పడింది. హెలెన్ ఉత్తరం అతనికి శుక్రవారం ఉదయం అందింది. అతని ఉత్తరం ఆమెకి మరుసటి సోమవారం చేరింది. ఒమర్‌కి సలహా ఇవ్వండి.

టైమ్ 45 నిమిషాలు. పుస్తకాలు చూడనివ్వరు.

మాధవ్ జవాబు:

శ్రావణి గారూ, ముందు కలం పక్కన పెట్టి ఆఖరి వాక్యం చదవండి. “ఒమర్‌కి సలహా ఇవ్వండి” అన్నారు. అంటే ఒమర్‌కి కావలసింది కాంట్రాక్ట్ ఉందనే జవాబు. హెలెన్ ఏ దారిన తప్పించుకోగలదో కూడా అతనికి చెప్పాలి. రెండు పక్షాలకీ సలహా అడిగితే రాసే తీరే వేరు.

తర్వాత రఫ్ పేజీలో తేదీల గీత గీయండి. రోజు, టైమ్, ఎవరు పంపారు, ఎప్పుడు చేరింది: ఈ నాలుగు గళ్ళు చాలు. ఆఫర్, అంగీకారం మీద వచ్చే ప్రశ్నల్లో సగం తప్పులు పంపిన రోజునీ చేరిన రోజునీ కలిపేయడం వల్లే వస్తాయి. గీత గీశాక ఒక్కో వాస్తవం పక్కన “ఇది ఎందుకు పెట్టారు?” అని రాసుకోండి. పేపర్ సెట్ చేసినవాళ్ళు పోస్ట్‌కోడ్ తప్పుని ఊరికే పెట్టరు. ప్లాన్‌లో చోటు దొరకని వాస్తవం మిగిలిందంటే ఏదో ఇష్యూ మీ కళ్ళ ముందే తప్పిపోయినట్టు.

45 నిమిషాలని నేనైతే ఇలా పంచుతాను. చదవడానికి 3, గీతకీ ప్లాన్‌కీ 5, రాయడానికి 34, చివర్లో సరిచూసుకోవడానికి 3. ఆ 34లో సోమవారం ఉత్తరం ఆఫరే అని తేల్చడానికి 2 నిమిషాలు మించకూడదు. అది ఒక మనిషికి రాసినది, ధర ఉంది, వస్తువు ఉంది, “అమ్ముతాను” అని ఉంది. ఇన్విటేషన్ టు ట్రీట్ (ఆఫర్ కాదు, బేరానికి పిలుపు మాత్రమే) గురించి పేజీ నింపి ఫిషర్, బూట్స్, పార్ట్రిడ్జ్ కేసులన్నీ దింపేవాళ్ళు టైమంతా అక్కడే పోగొట్టుకుంటారు. ఇక్కడ అది తగువే కాదు. ఈమెయిల్‌కి 7, ఉపసంహరణ ఉత్తరానికి 3, పక్కింటాయన మాటకి 7, అంగీకారం ఉత్తరానికి 12, ముగింపుకీ రెమెడీకీ (కోర్టు ఏం ఇప్పించగలదన్నదానికి) 3. సందేహం ఎక్కడ ఎక్కువో టైమ్ అక్కడ పోయాలి.

తేలికగా తేలేవి ముందు చెప్తాను. శుక్రవారం దాకా ఉంచుతానన్న మాట హెలెన్‌ని కట్టిపడేయదు. ఆ మాటకి ఒమర్ ప్రతిఫలం ఏమీ ఇవ్వలేదు కాబట్టి ముందే వెనక్కి తీసుకోవచ్చు. 1828 నాటి రౌట్‌లెడ్జ్ వర్సెస్ గ్రాంట్ అక్కడ ఒక్క వాక్యంలో పెట్టండి. పోస్టల్ రూల్ అంటే అంగీకారం ఉత్తరం పోస్ట్ చేసిన క్షణమే కాంట్రాక్ట్ ఏర్పడుతుందనే సూత్రం. బుధవారం పోస్ట్ చేసిన ఉపసంహరణకి అది వర్తించదు, అవతలివాళ్ళకి చేరాకే చెల్లుతుంది. ఇది 1880 నాటి బర్న్ వర్సెస్ వాన్ టీన్‌హోవెన్. కార్డిఫ్ నుంచి అక్టోబర్ 8న పోస్ట్ చేసిన ఉపసంహరణ న్యూయార్క్‌కి 20న చేరింది, ఈలోగా 11న అవతలివాళ్ళు అంగీకరించేశారు, కాంట్రాక్ట్ నిలిచింది. కాబట్టి హెలెన్ ఉత్తరం శుక్రవారం ఉదయం నుంచే పనిచేస్తుంది. ఇక ప్రశ్నంతా శుక్రవారం ఉదయానికి ముందే కాంట్రాక్ట్ ఏర్పడిందా అన్నదే. ఈ వాక్యాన్ని జవాబు మొదట్లోనే రాసేయండి. దిద్దేవాళ్ళకి మీరు ఎటు వెళ్తున్నారో వెంటనే తెలుస్తుంది.

హెలెన్, ఒమర్ బంధువులని గానీ స్నేహితులని గానీ ప్రశ్నలో లేదు. ఇంటెన్షన్ (చట్టపరంగా కట్టుబడే ఉద్దేశం) గురించి రాయొద్దు.

లలిత జవాబు:

మాధవ్ గారి టైమ్ లెక్కతో ఒప్పుకుంటాను. “వర్తింపజేయడం” అంటే కాగితం మీద ఎలా ఉంటుందో మాత్రం చూపించాలి, ఎందుకంటే ఐరాక్ (ఇష్యూ, రూల్, అప్లికేషన్, కన్‌క్లూజన్ అనే వరస) అందరికీ తెలుసు, అయినా మార్కులు పోతాయి. చాలామంది జవాబు మొత్తానికి ఒకే ఐరాక్ వేస్తారు. ఇష్యూలన్నీ ఒక పేరా, రూల్స్ రెండు పేజీలు, చివర్లో అప్లికేషన్ నాలుగు లైన్లు. ఒక్కో ఇష్యూకి ఒక్కో చిన్న ఐరాక్ నడవాలి.

మంగళవారం ఈమెయిల్ తీసుకోండి. తక్కువ మార్కులొచ్చే పేరా ఇలా ఉంటుంది:

“హైడ్ వర్సెస్ రెంచ్‌లో ప్రతివాది ఫారమ్‌ని 1,000 పౌండ్లకి అమ్ముతానన్నాడు. వాది 950 ఇస్తానన్నాడు. ప్రతివాది ఒప్పుకోలేదు. తర్వాత వాది 1,000కి సరేనన్నాడు. కౌంటర్ ఆఫర్ వల్ల అసలు ఆఫర్ రద్దయిందని కోర్టు అంది. కాబట్టి ఒమర్ ఈమెయిల్ కూడా కౌంటర్ ఆఫర్ కావచ్చు.”

ఇందులో తప్పు ఒక్కటీ లేదు. కానీ ఐదు వాక్యాలు పాత కేసు కథకి పోయాయి, ఒమర్‌కి ఒకటే దక్కింది, అందులోనూ కారణం లేదు. ఇప్పుడిది చూడండి:

“ఈమెయిల్ కౌంటర్ ఆఫర్ అయితే హెలెన్ ఆఫర్ మంగళవారమే పోయినట్టు: హైడ్. వివరం అడగడం మాత్రమే అయితే ఆఫర్ నిలిచే ఉంటుంది: స్టీవెన్సన్ వర్సెస్ మెక్లీన్. ఒమర్ 4,000 ధరని తగ్గించలేదు, కట్టే పద్ధతినే అడిగాడు. వాక్యం ప్రశ్న రూపంలో ఉంది, వాయిదాలైతేనే తీసుకుంటానని అనలేదు. స్టీవెన్సన్‌లోనూ నగదు ధరకి ఇస్తామన్న ఇనుముని అదే ధరకి రెండు నెలల వ్యవధిలో ఇస్తారా అనే అడిగారు. వాయిదాల మాట తన ఉత్తరంలో లేదు కాబట్టి డబ్బంతా ఒకేసారి అన్నది ఆఫర్‌లో భాగమేనని హెలెన్ అనవచ్చు. కానీ ఒమర్ ఆ షరతుని కాదనలేదు, సడలిస్తారా అని అడిగాడంతే. ఆఫర్ నిలిచి ఉందనే అవకాశమే ఎక్కువ.”

కేసు ఒక్కోటి ఒక్క వాక్యంలో అయిపోయింది. ఈమెయిల్‌లోని అసలు మాటలు పట్టుకున్నాం. అవతలి వాదన వచ్చింది, దానికి జవాబూ వచ్చింది, చివర ఒక తీర్పు ఉంది. “కావచ్చు, కాకపోవచ్చు” అని వదిలేయకండి. ఎటు మొగ్గు ఉందో చెప్పి కారణం రాయాలి. మీ మొగ్గు దిద్దేవాళ్ళ మొగ్గుకి వేరైనా కారణం సరిగ్గా ఉంటే మార్కు పోదు.

పక్కింటాయన మాట దగ్గర కూడా అంతే. ఆఫర్ పోయిందని మూడో మనిషి ద్వారా తెలిసినా సరిపోతుందని 1876 డికిన్సన్ వర్సెస్ డాడ్స్. అక్కడా శుక్రవారం దాకా ఉంచుతానన్న ఆఫరే, ఇల్లు 800 పౌండ్లకి. అయితే చెప్పినవాడు నమ్మదగినవాడు కావాలి. మన ప్రశ్నలో “అమ్మేస్తోందట” అని ఉంది. ఆ చివరి “ట” మీదే వాదన నడుస్తుంది. ఇంగ్లిష్ పేపర్లో అది “ఐ హియర్డ్” అనో “అపారెంట్లీ” అనో ఉంటుంది, గుడ్డిగా దాటిపోవద్దు. ఆయన ఒమర్ పక్కింటాయన, హెలెన్ మనిషి కాదు. ఆయనకి ఎలా తెలిసిందో ప్రశ్న చెప్పలేదు. చెప్పనప్పుడు మనం కల్పించకూడదు: “ఆయన హెలెన్ దగ్గరే విని ఉంటే డికిన్సన్ వర్తించే అవకాశం ఉంది, వీధిలో విన్న మాటైతే ఒమర్ దాన్ని నమ్మి తీరాల్సిన పని లేదు” అని రెండు దారులూ రాసి, ఉన్న వాస్తవాల మీద రెండోదే దగ్గరగా ఉందని తేల్చండి.

శ్రావణి:

లలిత గారూ, ఆ రెండు పేరాలూ పక్కపక్కన చూశాక నా పేపర్లో లోపం ఎక్కడుందో తెలిసింది. చాలా థ్యాంక్స్. రెండు సందేహాలు మిగిలాయి. పోస్ట్‌కోడ్ సంగతి ఎలా రాయాలి? ఇంకోటి, పరీక్ష హాల్లో కేసు పేరు గుర్తు రాకపోతే?

ఇంతియాజ్ జవాబు:

పోస్ట్‌కోడ్ ఈ ప్రశ్నకి గుండెకాయ. మూడు మెట్లు ఎక్కండి.

మొదటి మెట్టు: పోస్టల్ రూల్ మొదలవుతుందా? 1818 ఆడమ్స్ వర్సెస్ లిండ్‌సెల్. హెలెన్ తానే పోస్ట్‌లో ఆఫర్ పంపింది కాబట్టి జవాబు పోస్ట్‌లో రావడం సహజమే. ఒమర్ అప్పటికే ఈమెయిల్ వాడాడు కదా అని హెలెన్ అనవచ్చు, ఒక్క వాక్యం రాయండి.

రెండో మెట్టు: “తెలియజేయండి” అన్న మాట పోస్టల్ రూల్‌ని పక్కకు నెట్టేసిందా? 1974 హోల్వెల్ సెక్యూరిటీస్ వర్సెస్ హ్యూస్‌లో రాతపూర్వక నోటీసు ఇవ్వాలన్న షరతు వల్ల, నోటీసు నిజంగా అందితేనే చెల్లుతుందన్నారు. హెలెన్ మాట అంత గట్టిది కాదు. కానీ టైమ్‌తో సహా “5 దాకా, ఈలోగా” అంది కాబట్టి ఆ గడువులో తన చెవిన పడాలనే ఉద్దేశం ఉందని వాదించవచ్చు. ఇక్కడ ఎటు మొగ్గినా సరే, ఆమె మాటల్నే ఉటంకించండి.

మూడో మెట్టు: తప్పు చిరునామా. హౌస్‌హోల్డ్ ఫైర్ వర్సెస్ గ్రాంట్ 1879లో ఉత్తరం అసలు చేరకపోయినా కాంట్రాక్ట్ ఏర్పడింది. కానీ అక్కడ తప్పు పోస్ట్‌లో జరిగింది. ఇక్కడ తప్పు ఒమర్‌దే. తన అజాగ్రత్త వల్ల దారి తప్పిన సందేశానికి పోస్టల్ రూల్ సాయం రాదని 2005 కోర్బెటిస్ కేసు, అందులో ఫ్యాక్స్ తప్పు నంబర్‌కి వెళ్ళింది. అది హైకోర్టు తీర్పు, పైగా ఫ్యాక్స్ మీద. ఒక అక్షరం తప్పుతో, ఆలస్యమైనా చేరిన ఉత్తరానికి అదే సూత్రం పడుతుందా అన్నది తేల్చండి. ఆలస్యానికి కారణం ఆ అక్షరమేనా, పోస్ట్ ఎలాగూ ఆలస్యమయ్యేదా? ప్రశ్న చెప్పలేదు కాబట్టి అదీ ఒక పాయింటే.

అప్పుడు ముగింపు దానంతటదే వస్తుంది. పోస్టల్ రూల్ పడితే గురువారం 10కే కాంట్రాక్ట్, శుక్రవారం ఉపసంహరణ ఆలస్యమైనట్టు. పడకపోతే శుక్రవారం ఉదయమే ఆఫర్ పోయింది, సోమవారం ఉత్తరానికి అంగీకరించడానికి ఏమీ మిగల్లేదు. పైగా గడువూ దాటింది. నా ఉద్దేశంలో ఒమర్ కేసు బలహీనం, తప్పు అతనిది కాబట్టి.

ఒక అలవాటు మాత్రం వదలకండి: మొదటి మెట్టు మీదే “పోస్టల్ రూల్ వర్తించదు” అని తేల్చేసి ఆగిపోవద్దు. “ఒకవేళ వర్తిస్తే” అని రెండో దారి కూడా నడవాలి, లేకపోతే పోస్ట్‌కోడ్ మార్కులన్నీ పోతాయి.

రెమెడీకి రెండు లైన్లు చాలు. కాంట్రాక్ట్ ఉండి బల్ల ఇవ్వకపోతే సేల్ ఆఫ్ గూడ్స్ యాక్ట్ 1979 సెక్షన్ 51 కింద నష్టపరిహారం, సాధారణంగా మార్కెట్ ధరకీ 4,000కీ తేడా. ఇంకోటి దొరకని బల్ల అయితే సెక్షన్ 52 కింద ఆ బల్లే ఇప్పించమని అడగవచ్చు, అది కోర్టు విచక్షణ. అప్పటికే ఇంకొకరి చేతికి వెళ్ళిపోతే కష్టం.

కేసు పేరు మర్చిపోతే సూత్రం రాసి బర్న్ కేసుకి “టిన్‌ప్లేట్ ఉపసంహరణ కేసు” అన్నట్టు గుర్తు ఒకటి ఇవ్వండి. సూత్రానికి మార్కు వస్తుంది. పేరు రాసి సూత్రం రాయకపోతే ఏమీ రాదు. పుస్తకం చూడనివ్వని పరీక్షలో ఏడాది కూడా సాధారణంగా అక్కర్లేదు. ఇప్పుడు చెల్లని చట్టం రాయడం మాత్రం పేరు మర్చిపోవడం కంటే ప్రమాదం, పాత నోట్స్ చదివేవాళ్ళకి ఇదే ఎక్కువగా తగులుతుంది. క్రిమినల్‌లో డిజానెస్టీకి (నిజాయితీ లేకపోవడానికి) పాత గోష్ కేసు రాయకండి, 2017 ఐవీ కేసు, దాన్ని క్రిమినల్ కేసులకి ఖాయం చేసిన 2020 బార్టన్ అండ్ బూత్ రాయాలి. హత్య కేసుల్లో ప్రొవొకేషన్ (రెచ్చగొట్టారన్న వాదన) ఇప్పుడు లేదు, దాని చోట కరోనర్స్ అండ్ జస్టిస్ యాక్ట్ 2009 సెక్షన్ 54లో లాస్ ఆఫ్ కంట్రోల్ (అదుపు కోల్పోవడం) ఉంది. నెగ్లిజెన్స్‌లో (అజాగ్రత్త వల్ల కలిగిన నష్టం) ప్రతి డ్యూటీ ప్రశ్నకీ, అంటే జాగ్రత్తపడే బాధ్యత ఉందా అన్నదానికి, కపారో కేసు మూడు మెట్లు పెట్టడం తప్పని 2018 రాబిన్సన్‌లో సుప్రీం కోర్టు తేల్చింది. కారు నడిపేవాడు, రోడ్డు మీద వెళ్ళేవాడు లాంటి పాత సంబంధాలకి ఉన్న కేసునే చూపాలి. ఎక్స్‌క్లూజన్ క్లాజ్ (బాధ్యతని తప్పించే షరతు) వస్తే కొన్నది వినియోగదారుడా, వ్యాపారమా అని ముందే చూడండి. వ్యాపారి నుంచి కొన్న వినియోగదారుడైతే కన్జ్యూమర్ రైట్స్ యాక్ట్ 2015, రెండు వైపులా వ్యాపారమైతే అన్‌ఫెయిర్ కాంట్రాక్ట్ టర్మ్స్ యాక్ట్ 1977.

మాధవ్:

ఇంతియాజ్ గారు చెప్పిన రెండో మెట్టు మీద నా మొగ్గు వేరు. “తెలియజేయండి” అనేది మామూలు మాట, దానితోనే హోల్వెల్‌కి చేరిపోవడం కష్టం. కానీ మూడో మెట్టు దగ్గర ఇద్దరం ఒకచోటే ఆగుతాం. శ్రావణి గారూ, ఇదే ప్రశ్నలో పోస్ట్‌కోడ్ సరిగ్గా ఉందనుకుని ఒకసారి, ఒమర్ ఉత్తరం బదులు గురువారం ఈమెయిల్ పంపాడనుకుని ఇంకోసారి రాసి చూడండి. ఒక్క వాస్తవం మారితే ఏ పేరా మారుతుందో, ఏది మారదో కనిపిస్తుంది. రెండో దానికి వెంటనే చేరే సందేశాల మీద ఉన్న ఎంటోర్స్, బ్రింకిబాన్ కేసులు తీసి పెట్టుకోండి.