పాత సెస్నా విమానంలో మీటర్లు తప్పు చూపిస్తే అన్నీ మార్చేయాలా?

రాజాం కుర్రాడు:
పైలట్ ట్రైనింగ్‌లో ఉన్నాను. నడిపేది పాత సెస్నా 172. స్పీడ్ మీటరు మామూలుగా బాగానే ఉంటుంది గానీ వాన పడిన మర్నాడు ఊగుతుంది. తిన్నగా పోతున్నా హొరైజన్ (విమానం ఎటు వాలిందో చూపే మీటరు) కాస్త వాలినట్టు చూపిస్తోంది. పెట్రోల్ ముల్లుకి నిలకడ లేదు. ఓనరు గారు అన్నీ పీకేసి డిజిటల్ స్క్రీన్లు పెట్టిద్దామంటున్నారు, మెకానిక్ గారేమో ముందు గొట్టాలు, వైర్లు చూడాలంటున్నారు. ఎవరి మాట సరైనది?

బొబ్బిలి నుంచి:
ఓనరు మాటే కరెక్ట్. గాలి లాగే వాక్యూమ్ పంపు పోతే హొరైజన్ లోపల గిర్రున తిరిగే చక్రం, అదే గైరో, ఒక్కసారిగా ఆగదు, మెల్లగా వాలుతుంది, మబ్బులో ఉన్న పైలట్ దాన్నే నమ్మి విమానాన్నీ వాల్చేస్తాడు. 1978 జనవరి 1న బొంబాయిలో ఎయిర్ ఇండియా 855 సముద్రంలో పడి 213 మంది పోయారు. కెప్టెన్ ముందున్న హొరైజన్ తప్పు చూపించింది. ఇంత తెలిసి పాతవాటిని పట్టుకుని వేలాడటం ఎందుకు?

పాత ఫిట్టర్, ఆమదాలవలస:
ఎయిర్‌ఫోర్స్‌లో ఇన్‌స్ట్రుమెంట్ ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాను. బాబూ, మీటరు తనకి అందిందే చూపిస్తుంది. కాబట్టి ఏ మీటర్లు కలిసి తప్పుతున్నాయో ముందు చూడు. స్పీడు, ఎత్తు, ఎక్కే దిగే వేగం చూపే మూడూ తప్పితే స్టాటిక్ గొట్టం, అంటే బయటి గాలి ఒత్తిడిని మీటర్లకి అందించేది. స్పీడు ఒక్కటే తప్పితే ముందు పిటాట్ వైపు, అంటే ఎదురుగాలిని పట్టే గొట్టం వైపు చూడాలి, నీది వాన తర్వాతే ఊగుతోందంటే లైనులో నీళ్లు నిలిచి ఉంటాయని నా అనుమానం. మన ఇళ్లలో స్విచ్ బోర్డు కన్నాల్లో మట్టి గూడు కడుతుందే కందిరీగ, అది పిటాట్ గొట్టాన్నీ వదలదు, రెండు రోజులు ఆపినా కవరు తొడగాల్సిందే. 1996లో బిర్గెన్ఎయిర్ 301 అనే బోయింగ్ 757 చాలా రోజులు ఎగరకుండా నిలబడి, పిటాట్‌కి కవర్లు కూడా లేకుండా ఉండి, తర్వాత ఎగిరిన కాసేపటికే కూలి 189 మంది చనిపోయారు, అందులో గూడే అడ్డుపడి ఉంటుందని తేల్చారు. ఒక్క మాట, మీటరు కలిపి ఉండగా ఆ గొట్టంలోకి ఎవరినీ గాలి ఊదనివ్వకు, లోపలి పల్చటి రేకు డయాఫ్రం పాడవుతుంది.

హొరైజన్‌తో పాటు దిక్కు చూపే గైరో కూడా తప్పుతోందా? అలాగైతే పంపు ఎంత గాలి లాగుతోందో చూపే సక్షన్ గేజి చూడు, ఇలాంటి విమానాల్లో సాధారణంగా 4.5 నుంచి 5.5 అంగుళాల (పాదరసం కొలతలో) మధ్య ఉండాలి. తక్కువుంటే ఫిల్టరు, రెగ్యులేటరు, పంపు. సక్షన్ సరిగ్గా ఉండి హొరైజన్ ఒక్కటే వాలితే అప్పుడు దాని బేరింగులే అరిగాయి, మార్చండి, కాదనను. నేనొకసారి కొత్త హొరైజన్ బిగించాక అదీ వాలింది, తీరా చూస్తే ఫిల్టరు మసిబొగ్గులా ఉంది, దాన్ని ముందే విప్పి చూడనందుకు ఇప్పటికీ బాధపడతాను.

పెట్రోల్ ముల్లు ఊగుతుంటే ల్యాండింగ్ లైటు వేసి చూడు. అది వేయగానే ముల్లు కదిలిందంటే ఎర్త్ కనెక్షన్ బాగోలేదన్నమాట. అది బాగయ్యేవరకూ ట్యాంకులో పుల్ల ముంచి కొలవకుండా ఎగరకు.

బొబ్బిలి గారూ, 855లో మధ్యలో ఉన్న స్టాండ్‌బై హొరైజన్, అంటే అదనంగా పెట్టినది, సరిగ్గానే పనిచేసింది. దానితో పోల్చుకుని ఉంటే ఆ 213 మంది బతికేవారేమో. స్క్రీన్ పెట్టినా గాలి ఆ పిటాట్ గొట్టం నుంచే రావాలి కదా? 2009లో ఎయిర్ ఫ్రాన్స్ 447లో అన్నీ స్క్రీన్లే, పిటాట్‌లలో మంచు పట్టడంతో స్పీడు లెక్కలు పోయి, చివరికి 228 మంది పోయారు.

బొబ్బిలి నుంచి:
పిటాట్ విషయంలో మీరన్నది ఒప్పుకుంటాను. కానీ గైరో మాత్రం మార్చాల్సిందేనంటాను. ట్రైనింగ్ పిల్లవాడికి వాలుతున్న హొరైజన్‌ని గుర్తుపట్టేంత అనుభవం ఎక్కడిది?

పాత ఫిట్టర్, ఆమదాలవలస:
అది న్యాయమైన మాటే. హొరైజన్ ఒక్కటీ ఎలక్ట్రానిక్‌ది పెట్టించమనండి, నాకు అభ్యంతరం లేదు. ఫిల్టరు, గొట్టాలు, ఎర్త్ చూశాకే. అప్పటిదాకా ఆ విమానాన్ని ఎగరనివ్వొద్దు.

రాజాం కుర్రాడు:
ఇవాళ పొద్దున్న ల్యాండింగ్ లైటు వేశాం, పెట్రోల్ ముల్లు అమాంతం పడిపోయింది. విప్పితే ఎర్త్ వైరు కొస పచ్చగా చిలుము పట్టి ఉంది. పిటాట్ లైను రేపు విప్పుతామన్నారు మెకానిక్ గారు, విమానం అప్పటిదాకా హ్యాంగర్‌లోనే.