పందుల వేటకు పిలిచారు, సైలెన్సర్ సంగతేంటి?

అమలాపురం కుర్రాడు, టెక్సాస్‌లో 4 నెలలు:
అన్నయ్యలూ, ఈ శనివారం అడవి పందుల వేటకు మా మేనేజర్ రమ్మన్నాడు. రైఫిల్‌కి సైలెన్సర్ ఉంటుందట. అది సినిమాల్లో హంతకుల సరుకు కదా? నాది హెచ్‌1బీ. టెన్షన్‌గా ఉంది.

రాజోలు అన్న, ఇక్కడ 18 ఏళ్లు:
తమ్ముడూ, సినిమాలో వినే ఆ "టుప్" మర్చిపో. వేట రైఫిల్ పేలితే 160 డెసిబెల్స్ పైమాటే. 140 దాటితే ఒక్క దెబ్బకే చెవి పోవచ్చు. సైలెన్సర్ తగ్గించేది 20 నుంచి 35. అంటే ఇంకా దీపావళి బాంబే! తూటా ధ్వనికంటే వేగంగా పోతుంది కాబట్టి అది గాలిని చీల్చే "ఠప్" చప్పుడు ఎలాగూ వినిపిస్తుంది.

మన కాలవ గట్టు మీద డీజిల్ ఇంజను గుర్తుందా? దాని గొట్టం ఊడితే మూడు ఊళ్లకు వినిపించేది. ఇదీ అదే కిటుకు. లోపల వరసగా చిన్న గదులుంటాయి. వేడి గ్యాస్ ఒక్కసారిగా బయటికి తన్నకుండా వాటిలో నెమ్మదిస్తుంది. దీనికి 1909లో పేటెంట్ తీసుకున్న హిరమ్ పెర్సీ మాక్సిమ్ ఇంజన్లకూ సైలెన్సర్లు చేశాడు.

నేను మొదటిసారి చెవుల్లో ఏమీ పెట్టుకోకుండా, సైలెన్సర్ లేకుండా ఒక్కటే కాల్చాను. కుడిచేతి వాటం కదా, ఎడమ చెవి గొట్టం వైపు ఉంటుంది. రెండు రోజులు గింగురుమంది. అమ్మ ఫోన్ చేస్తే కుడి చెవికి మార్చుకుని మాట్లాడాను, ఆవిడకి చెప్పలేదనుకో. సైలెన్సర్ ఉంటే భుజం మీద తన్నూ తగ్గుతుంది, కొత్తవాడు ట్రిగ్గర్ నొక్కేటప్పుడు ఉలిక్కిపడడు. పక్కనున్నవాళ్ల చెవులూ బతుకుతాయి. అయినా ఇయర్ మఫ్స్ పెట్టుకో. కాల్చాక దాన్ని పట్టుకోకు, పెనంలా కాలుతుంది.

మండపేట అక్క:
చట్టం సంగతి నేను చెప్తా బాబూ. ఫెడరల్ చట్టంలో సైలెన్సర్ కూడా తుపాకీ కిందే లెక్క. హెచ్‌1బీ వాళ్లు తుపాకీ పట్టకూడదు, చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉంటే తప్ప. టెక్సాస్‌లో ప్రైవేటు స్థలంలో పందులకు లైసెన్స్ అక్కర్లేదు అంటారు, అది నిజమే. కానీ నీకు మాత్రం ఆ లైసెన్సే ఆధారం, ముందు అది తీసుకో. లాయర్ని కూడా ఓ మాట అడుగు. సైలెన్సర్ మేనేజర్‌దే కాబట్టి ఆయన పక్కన ఉండగానే వాడు, ఇంటికి పట్టుకెళ్లకు.

ఇంకోటి, సంక్రాంతికి ఊరెళ్తూ "తోటలో పందులకి పనికొస్తుంది" అని సూట్‌కేసులో పెట్టేవు! 1959 ఆయుధాల చట్టం ప్రకారం మన దగ్గరా అది తుపాకీ కిందికే వస్తుంది. నాన్నగారికి టార్చిలైటు తీసుకెళ్లు.