అమ్మానాన్నలతో టౌనుస్ కొండల్లో ఒక రోజు నడక: దారి గుర్తులు ఎలా ఉన్నాయి?

తెనాలి_టు_ఫ్రాంక్‌ఫర్ట్:
అమ్మానాన్న విజిట్ వీసా మీద వచ్చారు. ఈ ఆదివారం ఫ్రాంక్‌ఫర్ట్ పక్కనున్న టౌనుస్ కొండలకి. యూ3 మెట్రో ఎక్కి చివరి స్టాప్ హోహెమార్క్‌లో దిగి, ఫుక్స్‌టాంజ్ అనే అడవి కూడలి, ఆల్ట్‌కోనిగ్ కొండ మీదుగా ఫాల్కెన్‌స్టైన్ ఊళ్లోకి, అక్కడి నుంచి క్రోన్‌బెర్గ్‌కి దిగి ఎస్4 లోకల్ రైల్లో వెనక్కి రావాలని ప్లాన్. నాన్న రోజూ నడుస్తారు, అమ్మకి మోకాళ్ల నొప్పి. చెట్ల మీద వేసే దారి గుర్తులు బాగున్నాయా? టాయిలెట్లు, తిండి సంగతేంటి?

అడవిదారి:
గుర్తుల మీద ఆధారపడకండి. 2018 నుంచి వరుసగా ఎండలు, దానికి తోడు బెరడు పురుగు, స్ప్రూస్ అనే సూదాకుల చెట్లు ఎక్కడికక్కడ ఎండిపోతే కొట్టేశారు. గుర్తు వేసిన చెట్టే లేకపోతే ఇంక దారెక్కడ కనిపిస్తుంది? పోయినసారి మూడు దారులు కలిసేచోట ఉత్త మొద్దులే మిగిలాయి, ఒక మొద్దు మీద సగం తెగిన తెల్ల గీత. మ్యాప్ ముందే ఫోన్‌లోకి దించుకోండి, లోపల సిగ్నల్ నమ్మకం లేదు.

వెస్ట్‌వేగ్_వాకర్:
ఫోన్ పట్టుకుని నడిచేవాళ్లకి అడవి ఏం కనిపిస్తుంది? నేను ఫోర్ట్స్‌హైమ్ నుంచి బాజెల్ దాకా వెస్ట్‌వేగ్ అనే పొడవాటి నడకదారి మొత్తం నడిచాను, 280 కిలోమీటర్ల పైమాటే, ఎర్ర డైమండ్ గుర్తు తప్ప ఇంకోటి చూడలేదు. గుర్తు కనపడకపోతే చివరిసారి కనపడిన చోటికి వెనక్కి రావాలి, అంతే. నేర్చుకుంటే వస్తుంది.

అడవిదారి:
మీరు నడిచింది బ్లాక్ ఫారెస్ట్, దక్షిణాన ఉన్న వేరే అడవి. అక్కడి హైకింగ్ సంఘం 1864 నుంచి ఉంది, పెద్ద దారికి ఎర్ర డైమండ్, కలిపే దారులకి నీలం, ఊళ్ల చుట్టూ తిరిగేవాటికి పసుపు. ఆయన అడిగింది టౌనుస్. పెద్దవాళ్లని వెంటబెట్టుకుని, ఎండలో, గుర్తు పోయిందని అరగంట వెనక్కి నడిపిస్తారా?

వెస్ట్‌వేగ్_వాకర్:
టౌనుస్ కూడా నాకు తెలుసండీ. ఊరికే భయపెట్టకండి.

అడవిదారి:
భయపెట్టడం కాదు, బాధ్యత. చెట్లు కొడుతున్నప్పుడు దారికి అడ్డంగా బ్యానర్ కడతారు, ‘లేబెన్స్‌గెఫార్’ అని ఉంటుంది, ప్రాణాపాయం అని. దాన్ని దాటి ‘గుర్తు ఇటే ఉంది’ అని పోయేవాళ్లని చూశాను. మీలాంటి సలహాలు చదివే.

వరంగల్_బిడ్డ:
అన్నలూ, కొట్లాట ఆపండి. ఇంకో బోర్డు సంగతి ఎవరూ చెప్తలేరు. ఆకుపచ్చ బోర్డు మీద తెల్ల క్రాస్, కింద నంబరు ఉంటది, అది రెస్క్యూ పాయింట్. 112కి ఫోన్ చేసి ఆ నంబరు చెప్తే ఎక్కడున్నరో వాళ్లకు తెలుస్తది. మా నాయిన కాలు మడతపడ్డప్పుడు అదే ఆదుకుంది. దాటిన ప్రతి బోర్డునూ ఫొటో తీసుకోండి.

కడప_కోడలు:
మోకాళ్ల నొప్పి ఉన్నావిడని ఆల్ట్‌కోనిగ్ ఎక్కించడం ఎందుకు? 798 మీటర్లు, హోహెమార్క్ నుంచి ఎక్కుడే ఎక్కుడు. వారాంతాల్లో గ్రోసర్ ఫెల్డ్‌బర్గ్ శిఖరం పైకి బస్సు ఉంది. పైన దిగి ఫుక్స్‌టాంజ్‌కి నిదానంగా దిగండి.

ఫిజియో_నెల్లూరు:
నేను ఫిజియోథెరపిస్ట్‌ని, ఇదే నా పని. మోకాలికి ఎక్కడం కంటే దిగడమే ఎక్కువ భారం. రెండు చేతికర్రలు తప్పనిసరి, అడుగులు చిన్నగా వేయించండి.

కడప_కోడలు:
మా అత్త అలిపిరి మెట్లు 3550 ఎక్కింది, ఆమెకీ నొప్పే. మనసుంటే అవుతుంది.

ఫిజియో_నెల్లూరు:
అలిపిరి దారిలో పైకప్పు, నీళ్లు, టాయిలెట్లు అన్నీ ఉన్నాయి, దర్శనం అయ్యాక చాలామంది బస్సులో దిగుతారు. ఇక్కడ దిగాల్సింది వేర్లు, తడి ఆకుల మీద. దానికీ దీనికీ పోలికేంటండీ!

పులిహోర_ప్రియుడు:
తిండి గురించి నేను చెప్తా. ఫుక్స్‌టాంజ్‌లో రెండు హోటళ్లున్నాయి. వాళ్ల బల్లల మీద మన డబ్బా విప్పితే బాగోదు, దారిలో బెంచీలున్నాయి, అక్కడ తినండి. నోట్లు, చిల్లర దగ్గర పెట్టుకోండి. ఆదివారం ఊళ్లలో సూపర్ మార్కెట్లు మూసేస్తారు, నీళ్లు ఇంటి నుంచే.

స్టుట్‌గార్ట్_శీను:
పిడుదుల మాట ఎవరూ ఎత్తలేదే? మా వాడికి చెవి వెనకాల పట్టింది. టీకా వేయించుకుంటే టెన్షన్ ఉండదు.

ఫిజియో_నెల్లూరు:
తప్పు. టీకా మెదడువాపు తెచ్చే ఎఫ్ఎస్ఎమ్ఈ వైరస్‌కే. పిడుదుల వల్లే వచ్చే ఇంకో జబ్బు బొరెలియోసిస్ (లైమ్), దాని బ్యాక్టీరియాకి ఇక్కడ మనుషులకి వేసే టీకా లేదు. సాయంత్రం ఇంటికి రాగానే చంకలు, మోకాళ్ల వెనక, తలలో వెతకాలి.

గోదారి_గట్టు:
మా ఊళ్లో గేదెలకి పడితే నూనె రాసేవాళ్లం, ఊడొచ్చేది.

ఫిజియో_నెల్లూరు:
మనిషికి ఆ పని చేయకండి. సన్న పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిదానంగా పైకి లాగాలి. నూనె పోస్తే అది లోపలున్నది కక్కుతుంది. తర్వాత ఎర్రటి వలయం పెరుగుతూ కనిపిస్తే ఆలస్యం చేయకుండా డాక్టర్ దగ్గరికి.

వరంగల్_బిడ్డ:
విజిట్ ఇన్సూరెన్స్‌లో పిడుదు కాటు వైద్యం కవర్ అయితదా? మా అమ్మవాళ్లు వచ్చే నెల వస్తున్నరు, ఎవరైనా క్లెయిమ్ చేసినోళ్లు ఉంటే చెప్పండి.