పైరుగడ్డ మీద సముద్రపు గట్టుకి గండి కొట్టాలా, వద్దా?

రేవుగట్టు (చర్చ మొదలుపెట్టినవారు)

వేసవి సెలవుల్లో ఇంటికొచ్చిన పిల్లలకి రాత్రిపూట ఒక కథ చెప్పడం మొదలుపెట్టానండి. ఏడో రాత్రి దగ్గర బండి ఆగిపోయింది. వాళ్లకంటే నాకే టెన్షన్‌గా ఉంది.

కథ ఇదీ. పైరుగడ్డ అనే గ్రహం. నాలుగు తరాల కిందట మనుషులు ఓడల్లో వెళ్లి అక్కడ వరి సాగు మొదలుపెట్టారు. నేలంతా సముద్రమట్టానికి కాస్త కిందే ఉంటుంది. ఒక పక్క సముద్రపు గట్టు, నెత్తిన ఆనకట్ట, దాని కింద మూడు కాలువలు. ధవళేశ్వరం చూసే కల్పించాను, దాచేదేముంది. ఇప్పుడు రెండు సైన్యాలొచ్చాయి. ఒకటి ఆకాశంలో తిరుగుతున్న పైదళం, ఇంకొకటి ఒడ్డున దిగిన తీరదళం. ఇద్దరికీ కావాల్సింది ధాన్యమే. కోతకి ఇంకా ఇరవై రోజులుంది.

ఊరివాళ్లు గట్టుకి గండి కొట్టి ఉప్పునీళ్లు వదిలేయాలా? కొట్టాలనే నా ఓటు. మన ఇంటి మీదికొచ్చినవాడికి మనమే వండిపెట్టడమేంటి?

సరంగు మనవడు

కొట్టాల్సిందే. ఇది కథల్లోనే కాదు, నిజంగానూ జరిగింది. 1914 అక్టోబరు చివర్లో బెల్జియంలో జర్మన్ సైన్యం ఈజర్ నది దాకా వచ్చేసింది. న్యూపోర్ట్ దగ్గర హెండ్రిక్ గీరార్ట్ అని పడవ నడిపేవాడు ఒకడున్నాడు. మా తాతలాంటి సరంగే అనుకోండి. రాత్రిపూట పోటు మీద లాకుల తలుపులెత్తి సముద్రాన్ని లోపలికి రానిచ్చి, పాటు మొదలయ్యేలోపు దించేసేవారు. అలా కొన్ని రాత్రులు చేశారు. పల్లమంతా చెరువైపోయింది. జర్మన్లు అక్కడే ఆగిపోయారు, దాదాపు నాలుగేళ్లు.

చౌడుకయ్య

గండి అనడం తేలికేనండి. మా రెండెకరాల పక్కన ఒకరు రొయ్యల చెరువు తవ్వారు. గట్టు గట్టిదే, చుక్క నీరు పొర్లలేదు. కానీ ఊట దిగింది. మొదటి ఏడు ఆకు కొసలు తెల్లబడితే జింకు లోపమనుకుని జింకు కొట్టాం. రెండో ఏడు నాట్లేసిన పదిరోజులకి మడిలో సగం మొక్క కనపడలేదు. ఎండాకాలం వెళ్లి చూస్తే నేల మీద తెల్లటి పొర, అడుగేస్తే అప్పడంలా చిట్లుతోంది. మా నాన్న దాన్ని వేలితో అద్ది నాలుక మీద పెట్టుకున్నారు. ఒక్క మాట మాట్లాడకుండా ఇంటికెళ్లిపోయారు.

జిప్సం వేశాం. దుక్కి చేసి మంచినీళ్లు నిలగట్టి బయటికి తీశాం, మళ్లీ నిలగట్టి మళ్లీ తీశాం. జిప్సంలో ఉండే కాల్షియం మట్టిని పట్టుకున్న సోడియాన్ని తోసేస్తుంది. తోసేసినదాన్ని నీళ్లు కడిగి మురుక్కాలువలోకి పట్టుకుపోవాలి. మురుగు పారకపోతే ఎన్ని బస్తాలు పోసినా దండగే. నాలుగేళ్లయింది, ఇప్పటికీ ఆ మూల పాతిక సెంట్లలో జమ్ము తప్ప ఏమీ మొలవదు. ఊటకే ఇలా ఉంటే గండికి ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

1944లో నెదర్లాండ్స్‌లో వాల్హెరన్ దీవి గట్లని మిత్రదేశాల విమానాలు బాంబులేసి తెంచాయి. అవి పూడ్చడానికి ఏడాది పైనే పట్టింది. అన్నాళ్లూ రోజూ పోటుకి సముద్రం పొలాల్లోకి వచ్చిపోయేది. యుద్ధం అయ్యాక వాళ్లూ జిప్సం చల్లుకున్నవాళ్లే.

లెక్కలమాస్టారు

అసలు కథకి పునాదే లేదు. ఆకాశంలో ఉన్నవాడు కింది గ్రహం నుంచి వడ్లు ఎత్తుకుపోవడమేంటండీ? భూమి పట్టు వదిలించుకోవాలంటే సెకనుకి 11.2 కిలోమీటర్ల వేగం కావాలి. బస్తా ధర కంటే దాన్ని పైకి చేర్చే ఖర్చే కొండంత అవుతుంది.

రేవుగట్టు

మాస్టారూ, పైరుగడ్డ చిన్న గ్రహమండి. అంగారకుడంతే, సెకనుకి 5 కిలోమీటర్లు చాలు. అయినా వాళ్లు ఎత్తుకుపోవక్కర్లేదు. కింద దింపిన సైనికులకి తిండి కావాలిగా. ఎదుటివాడికి దక్కకుండా ఉంటే అదీ లాభమే.

లెక్కలమాస్టారు

సరే, ఒప్పుకున్నా. అంగారకుడన్నారు కాబట్టి ఇంకో మాట. 2008లో ఫీనిక్స్ ల్యాండర్ అక్కడి మట్టిలో పెర్క్లోరేట్ ఉందని తేల్చింది. అదీ ఒకరకం లవణమే, విషం, నీళ్లలో కరుగుతుంది. అంటే మీ పైరుగడ్డ ముత్తాతలు మొదటి పంట వేయడానికి ముందు నేలని ఏళ్ల తరబడి మంచినీళ్లతో కడిగి ఉండాలి. నాలుగు తరాలు కడిగిన మట్టిలో మళ్లీ ఉప్పు పోస్తారా? ఈ ముక్క పిల్లలకి చెప్పండి, వాళ్లే వద్దంటారు.

ఆకుమడి

గండి ఎందుకు, మనకి క్రాప్ హాలిడే ఉందిగా! 2011 సార్వాకి, అంటే ఖరీఫ్ పంటకి, కోనసీమలో వేలాది ఎకరాలు బీడు పెట్టలేదూ? దేశమంతా తిరిగి చూసింది.

చౌడుకయ్య

ఆకుమడి గారూ, కోతకి ఇరవై రోజులుందని పైనే రాశారు. పండిన చేలో హాలిడే ఏంటండీ?

కుప్పనూర్పు

ఆ హాలిడే ఏడు మా అమ్మ ఊడ్పులకి వెళ్లేది. రైతుకి అది నిరసన, మాకు పస్తు. కథలో కూలీలు ఎక్కడున్నారు? ఇప్పటిదాకా ఒక్కరు రాలేదు.

రేవుగట్టు

నిజమే. వాళ్లని మర్చిపోయాను.

పాత లాకులు

అందరూ గండి, గండి అంటున్నారు. సరంగు మనవడు గారు చెప్పింది గండి కాదు, తలుపు. ఆ తేడా తెలియకపోతే మునిగిపోతాం. తలుపెత్తితే దించొచ్చు. గండి పడ్డాక ఎవడి మాటా వినదు, అడుగు వెడల్పుది తెల్లారేసరికి తాటిచెట్టంత అవుతుంది. 1938 జూన్‌లో చైనా ప్రభుత్వం జపాన్ సైన్యాన్ని ఆపడానికి పసుపు నది గట్టు తెంచింది. లక్షల మంది సొంత జనమే పోయారు. అయినా అదే ఏడు అక్టోబరులో జపాన్ వూహాన్ పట్టుకోనే పట్టుకుంది. నదిని పాత దారికి తేవడానికి 1947 దాకా పట్టింది.

మా నాన్న లస్కరుగా, అంటే కాలువ తలుపులు చూసుకునే పనిలో, చేశారు. తూము తలుపు ఎన్ని అంగుళాలు ఎత్తాలో పై నుంచి ఆర్డరు వచ్చేది, తిప్పే చెయ్యి మాత్రం ఆయనది. రాత్రి రెండింటికి టార్చిలైట్లు పట్టుకుని జనం వచ్చేవారు, ఇంకో రెండంగుళాలు ఎత్తమని ఒక ఊరు, దించమని ఇంకో ఊరు. సైన్యాలు లేకుండానే మాకు అది యుద్ధం. మీ కథలో ఆ తలుపు తిప్పేవాడెవడు?

ఇంకొకటి, సముద్రమే ఎందుకు? 1672లో ఫ్రెంచి సైన్యం వస్తే డచ్చివాళ్లు పల్లపు పొలాల్లో నీళ్లు నిలబెట్టారు. మోకాలి లోతు. నడిచేవాడికి ఎక్కువ, పడవకి తక్కువ, కింద గుంట ఎక్కడుందో కాలువ ఎక్కడుందో కనపడదు. పైరుగడ్డ వాళ్లకి ఆనకట్ట ఉంది కదా. కాలువలు నిండా వదిలి, సముద్రం దగ్గర మురుక్కాలువ తలుపులు మూసేస్తే మంచినీళ్లే నిలుస్తాయి. పంట పోతుంది, నేల మిగులుతుంది.

ఆకుమడి

పంటా పోనక్కర్లేదు. స్వర్ణ సబ్-1 అనే వరి రకం వేయించండి, రెండు వారాలు మునిగినా బతుకుతుంది.

చౌడుకయ్య

అది దుబ్బు కట్టే వయసులో మునిగితేనండి. కంకి పండాక మునిగితే ఏ రకమైనా పడిపోయి మొలకెత్తుతుంది. నవంబరు తుపాన్లలో చూడలేదా, చేలో ఉండగానే కంకి పచ్చగా మొలకలేయడం. కానీ పాత లాకులు గారి మాట నాకు నచ్చింది. మొలకెత్తిన వడ్లు కోళ్లకైనా పనికొస్తాయి. చౌడెక్కిన మట్టి దేనికీ పనికిరాదు.

సరంగు మనవడు

సరే, నేనూ తగ్గుతాను. తలుపే. గండి వద్దు.

శివారు భూమి

అందరూ ఒప్పేసుకున్నట్టున్నారు. నాది ఒక్క ప్రశ్న. మురుగు తలుపులు మూస్తే నీళ్లు ముందు నిలిచేది ఎక్కడ? కాలువ చివర, పల్లంలో, మా దగ్గర. ఆనకట్ట కింద మెరక భూములవాళ్ల అరుగు కూడా తడవదు. దాళ్వాకి, అంటే రబీ పంటకి, నీళ్లు పంచేటప్పుడు శివారు అని చివర రాస్తారు, ముంచేటప్పుడు మాత్రం మొదట మేమే. ఊరు ఒప్పుకుంది అని కథలో ఒక్క వాక్యంలో దాటేయకండి. ఏ ఊరు ఒప్పుకుంది? కౌలు రైతుని అడిగారా? పంట మునిగితే కౌలు కింద ఇవ్వాల్సిన మక్తా బస్తాలు భూమిగలాయన వదులుకుంటాడా?

కుప్పనూర్పు

అదీ.

రేవుగట్టు

శివారు గారూ, పొద్దున్నుంచి మీ మాట దగ్గరే తిరుగుతున్నాను. ఏడో రాత్రి మొత్తం మార్చేశాను. ఇందాకే పిల్లలకి చెప్పాను. లాకుల దగ్గర తలుపు తిప్పే మనిషి ఒక ముసలావిడ. మెరక ఊళ్లవాళ్లు తిప్పమన్నారు. ఆవిడ హ్యాండిల్ తీసి చీర కొంగులో చుట్టుకుని, ముందు మెరక ఊళ్ల గాదెల్లో ఉన్న ధాన్యం శివారుకి చేర్చండి, అప్పుడు తిప్పుతానంది. పైదళం ఓడ లైట్లు కనపడుతున్నాయి. బళ్లు ఇంకా కదల్లేదు.

మా చిన్నది బళ్లు కదులుతాయా అని అడిగింది. రేపు చెప్తానన్నాను. నిజానికి నాకూ తెలీదు. శివారు గారూ, మీ దగ్గరైతే ఎన్ని బళ్లొస్తే నమ్ముతారు?

శివారు భూమి

బళ్ల సంగతి రేపు మాట్లాడదామండి. తెల్లవారుజాము నాలుగింటికి మా బోదెకి, అదే పొలం పిల్లకాలువకి, నీటి వంతు. గట్టు మీద కాపలా పడుకోవాలి, లేకపోతే పైవాళ్లు కట్ట వేసేస్తారు.