‘అనిర్ధార్యం’, ‘అనిర్వచితం’ ఒకటేనా?

ప్రశ్న: అవధుల లెక్కల్లో (ఎక్స్ ఒక బిందువుకు చేరువవుతుంటే ప్రమేయం విలువ దేనికి చేరువవుతుందో చూసే లెక్కల్లో) హారం సున్నా అయితే చాలు, కొందరు ‘అనిర్ధార్యం’ అంటారు, కొందరు ‘అనిర్వచితం’ అంటారు. ఒకదాని బదులు ఇంకోటి వాడొచ్చా?

జవాబు: వాడకూడదండీ. మొదటిది 0/0 లాంటి రూపానికి చెప్పే మాట, రెండోది విలువకు చెప్పే మాట. త్యాజ్యం అంటే విడవదగినది, శ్లాఘ్యం అంటే పొగడదగినది. అలాగే నిర్ధార్యం అంటే నిర్ధారించడానికి వీలైనది. నిర్వచితం అలా కాదు, అది లిఖితం, రచితం వరసలోది: నిర్వచించినది. కాబట్టి ‘అనిర్ధార్య రూపం’ అంటే ఆ రూపం ఒక్కటీ చూసి జవాబు తేల్చలేమని. ‘అనిర్వచితం’ అంటే ఆ బిందువు దగ్గర ప్రమేయానికి విలువే లేదని.

ఒకే అకరణీయ ప్రమేయంలో, అంటే బహుపదిని బహుపదితో భాగించిన ప్రమేయంలో, రెండూ చూడొచ్చు: (ఎక్స్² − 5ఎక్స్ + 6)/(ఎక్స్² − 4). ఎక్స్ = 2 ప్రతిక్షేపిస్తే 0/0. విలువ అనిర్వచితమే, అందులో సందేహం లేదు. కానీ లవంలోనూ హారంలోనూ (ఎక్స్ − 2) ఉంది. ఎక్స్ 2కి చేరువవుతుందే గానీ 2 కాదు కనుక దాన్ని కొట్టేయొచ్చు. మిగిలేది (ఎక్స్ − 3)/(ఎక్స్ + 2), అవధి −1/4. 2.01 దగ్గర విలువ సుమారు −0.247, 1.99 దగ్గర −0.253. రెండు వైపుల నుంచీ −0.25 వైపే వస్తున్నాయి. విలువ లేని చోట అవధి నిక్షేపంగా ఉంది! ఈ పాఠంలో నాకు అన్నిటికన్నా అందంగా కనిపించేది ఇదే.

ఇక ఎక్స్ = −2 దగ్గర 20/0. ఇదీ అనిర్వచితమే, కానీ అనిర్ధార్యం కాదు. లవం సున్నా కాకుండా హారం మాత్రమే సున్నా అయితే పరిమిత అవధి ఉండదని అప్పుడే తేలిపోయింది. −1.99 దగ్గర విలువ −499, −2.01 దగ్గర 501. చెరో దిక్కుకూ పోతున్నాయి.

ప్రశ్న: అంటే 0/0 వస్తే అవధి తప్పకుండా ఉంటుందనుకోవచ్చా?

జవాబు: అలా అనుకోకూడదండీ. (ఎక్స్ − 2)/(ఎక్స్ − 2)² తీసుకోండి. 2 దగ్గర 0/0 రూపమే, కానీ కొట్టేశాక మిగిలేది 1/(ఎక్స్ − 2). దానికి 2 దగ్గర అవధి లేదు. ఉందో లేదో రూపం చెప్పదు గనకే అది అనిర్ధార్యం. కారణాంకాలు విడదీశాకే తెలుస్తుంది.